గిటారు లేని డీజే పాట

భైంసా,
11 ఫిబ్రవరి 2024

తమ్ముడు కైలాసానికి,

మీ వదిన, నేను మంచిగనే ఉన్నం. నువ్వు, మరదలు మంచిగున్నరని జమున ఫోన్ చేసినప్పుడల్ల మీ వదిన చెప్తది. నువ్వు సుత ఫోన్ల మాట్లాడరాదా అంటవు. ఫోన్ల నువ్వు నోట్లనే గొణుగుతవు. నేను గట్టిగ మాట్లాడితే మీ వదిన కసురుతది. బడిపంతులువి, నా కోడిగీతలు చదువుడు నీకు కష్టం గాదు. అందుకే రాస్తున్న.

సీదా ముచ్చట్లకొస్త. నా మనుమరాలు జమున నీ ఇంట్ల ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నదని నేను నిమ్మలంగున్న. కంప్యూటర్ల ఏవో పాటలు చేస్తదని తెలుసు. గని మన మానేర్ బాయ్స్ బ్యాండు పాట తీసుకొని డీజే పాట చేసిందని నాకు ఎవరు చెప్పిండ్రు? పత్తి జిన్నింగు మిల్లుల నాతోని పనిచేసిన కొమురెల్లి చెప్పిండు. ఫోన్లల్ల తిరిగి ఊరంత విన్నంక నాకు తెల్సింది.

మీ వదిన ఫోన్ల పెట్టించుకొని మూడుసార్లు విన్న. చెవుకు ఆనిచ్చుకొని విన్న. డమ్ డమ్ డమ్ డమ్. గంతే! మొదటి నుంచి ఆఖరు దాక నీ డ్రమ్ములే. నా గిటారేదిరా?

1982ల హైదరాబాద్ పోయి గా స్పూలు టేపు రికార్డు చేసినప్పుడు 'మిట్టమధ్యాహ్నం' పాటల నా గిటారు ఎంతసేపున్నది? రెండు నిమిషాలు. గా రెండు నిమిషాల కోసం ఎనిమిది నెల్లు వాయించిన. వేళ్లు పగిలితే బాపు గుడ్డపీలికలు చుట్టిండు. నేను వాయిస్తుంటే జియావుల్లా తను పాడాల్సిన చరణం మర్చిపోయి నా దిక్కే చూసుకుంట నిలబడ్డడు. నువ్వేం చేసినవ్? నా యెనుక కూసొని కొట్టినవ్. అదిసుత నడుమ ఓసారి తడబడ్డవ్. జమునకు గదే పనికొచ్చిందా?

నాకు కుళ్లుగున్నది. సాఫ్‌గ చెప్తున్న. డెబ్బై ఏండ్లు మీద పడ్డంక తమ్మున్ని చూసి కుళ్లుకుంటుండని నవ్వుకో, నాకేం ఫికర్ లేదు.

గిటారు ఇంక నా కాడనే ఉన్నది. రోజు పొద్దున తీస్త. కింది సన్నతీగలు రెండు మూగపోయినయ్. నిజామాబాద్ నుంచి కొత్తయి తెప్పిచ్చిన, అవిసుత గంతే. గీ కాలంల తీగలు చేసెటోళ్లకు సుత పనిమీద పానం లేదు. కుక్కర్ విజిల్ సుత పాడైంది. మీ వదిన పొయ్యికాడ నన్ను కూసోబెట్టి పోతే పప్పు మాడింది, తప్పు నాదట.

జమునను అడిగి జవాబు రాయి.

నీ అన్న,
రామచంద్రం

*

కరీంనగర్,
17 ఫిబ్రవరి 2024

అన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న అందింది. పోస్ట్‌మన్ దాన్ని తిరగేసి చూసి, "సారూ, చేతిరాత ఉత్తరం ఇచ్చుడు గీ సంవత్సరంల ఇదే మొదలు" అని సంబరపడ్డాడు. చదివాక నాకు మాత్రం సంబరం మిగల్లేదు.

వెక్కిరించడానికి ఉత్తరమే రాయాలా అన్నా? పాటంతా నా డ్రమ్ములేనట, నన్ను చూస్తే నీకు కుళ్లుగా ఉందట! చిన్నప్పుడూ ఇంతే. నా తెల్లచొక్కా మీద సిరా పడితే, "మస్తున్నదిరా డిజైన్" అని బజారంతా తిప్పావు. నా డ్రమ్ముల సంగతి జమున మొదటిరోజే ముఖం మీద చెప్పేసింది. ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు. కావాలంటే నీ మరదలు బాలవ్వను అడుగు. ఇప్పుడు నువ్వు కూడా దాన్నే కెలుకుతున్నావు.

పాట విషయం నీకు చెప్పకపోవడం మాత్రం తప్పే. అసలు ఇది మొదలైంది దసరా సెలవుల్లో. జియావుల్లా భాయ్ పోయాక ఆయన కొడుకు అవేజ్ ఇల్లు సర్దుతూ ఒక పెట్టె తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. అందులో మన స్పూలు, భాయ్ పోగుచేసుకున్న ఇంగ్లీషు రాక్ రికార్డులు ఓ ముప్పై ఉన్నాయి. జమున వాటి మీద పడింది. వారం రోజులు గది తలుపు తీయలేదు. అదేం పనే అని అడిగితే, "చిన్నతాతా, దీన్ని శాంపిల్ అంటరు. పాత పాటల నుంచి జరంత ముక్క కోసి, దాన్నే తిప్పి తిప్పి కొత్త పాట కడుతరు" అంది. పాత చీర చింపి బొంత కుట్టినట్టేనా అన్నాను. గట్లనే అనుకో అంది.

మార్చి ఇరవై మూడున వాళ్ల కాలేజీలో వార్షికోత్సవం. స్టేజీ మీద ఈ పాట వేస్తుందట. మనిద్దరినీ పిలవాలని దాని ఆశ. నువ్వు, శంకరవ్వ వదిన తప్పకుండా రావాలి. ఇక పరాచకాలు చాలించు.

నీ తమ్ముడు,
కైలాసం

*

భైంసా,
26 ఫిబ్రవరి 2024

కైలాసానికి,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. జమున మొదటిరోజే నీ ముఖం మీద చెప్పిందా? ఏమని, 'చిన్నతాతా నువ్వే హీరోవు' అనా? సంతోషం ఎక్కువై అన్నం సయించలేదా? గది నాకు రాసుకుంట నేను వెక్కిరిచ్చిననని మళ్ల నా మీదనే నింద!

ఇగ నిన్న జరిగింది విను. కొమురెల్లి బిడ్డ పెండ్లి. పెండ్లికొడుకుది ఖానాపూర్. పదకొండు గంటలకు మండపం కాడికి తోలుకొచ్చిండ్రు, ముందట డీజే బండి. డబ్బాలు ఒకదాని మీద ఒకటి, మనిషికి రెండింతలున్నయ్. గదే పాట పెట్టిండ్రు. దరువుకు నా ఛాతి అదిరింది, చేతిల సల్ల గిలాస అదిరింది. ముసలోళ్లు సుత ఎగురుతున్నరు. నేను చెవులు రిక్కించి నిలబడ్డ. ఇప్పుడన్న నా గిటారు వస్తదేమో, గిప్పుడన్న వస్తదేమో అని. రాలే. నీ డమ్ డమ్మే.

పాట కాంగనే పెండ్లికొడుకు మేనమామ ఉరికొచ్చి నా రెండు చేతులు పట్టుకున్నడు. "పెద్దబాపు, గా గిటారు నీదేనట గదా! పానం లేసచ్చింది" అన్నడు. పదిమంది ముందట! లేని గిటారును పొగుడుతడా? నా చేతుల సల్ల వాని అంగీ మీద గుమ్మరిచ్చిన. తినకుంట ఇంటికొచ్చిన. కొమురెల్లి ముఖం మాడ్చుకున్నడు. ముప్పై ఏండ్ల దోస్తు, బిడ్డ పెండ్లినాడు వానికి నా మూలాన తలవంపులు.

రాత్రి మీ వదిన ఏమన్నదో తెలుసా? "మంచిగనే వినబడుతున్నది గదా నీ గిటారు, గా మనిషి ఏం తప్పన్నడు?" అన్నది. ఆమె సుత మీ దిక్కే కలిసింది. నన్ను పిచ్చోన్ని చేస్తున్నరు అందరు.

నువ్వు ఎప్పుడు నా యెనుక కూసున్నోనివి. ముందటికి రావాలని నీకు లోపల ఉండె కావచ్చు, నాకు తెల్వది. నా మనుమరాల్ని ఇంట్ల పెట్టుకొని, నన్ను కోసేసి నిన్ను పెట్టుమని దానికి నువ్వే చెప్పినవా? సీదా జవాబియ్యి.

రామచంద్రం

*

కరీంనగర్,
4 మార్చి 2024

అన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదట నువ్వు వెక్కిరిస్తున్నావనుకున్నాను. కాదని ఇప్పుడు తెలిసింది. నువ్వు నిజంగానే, మనస్ఫూర్తిగా, నన్ను చూసి కుళ్లుకుంటున్నావు! నమ్మడానికి నాకు ఒక పూట పట్టింది.

నిన్ను తీసెయ్యమని నేను ఎవరికీ చెప్పలేదు. బాలవ్వ మీద ఒట్టు. పిల్ల దాని చెవికి ఏది నచ్చితే అది పెట్టుకుంది. ఏం చేస్తాం అన్నా, కాలం అట్లా ఉంది. ఇప్పటి పాటలకు దరువే ప్రాణమంటున్నారు. కాళ్లు కదలాలంటే దరువు ఉండాలి కదా. నీ గిటారు కూడా మంచిదే. ఎవరు కాదన్నారు? ప్రతిదానికీ దాని రోజు ఒకటి వస్తుంది, అంతే.

ఇక్కడ మా వీధిలో కూడా నలుగురు పలకరిస్తున్నారు. మొన్న కూరగాయల మార్కెట్‌లో ఒకాయన స్కూటర్ ఆపి, "సార్, గీ పాట మీదట గదా" అన్నాడు. అవునన్నాను. టమాటాలమ్మే ఆమె రెండు ఎక్కువ వేసింది. ఇంటికొచ్చి బాలవ్వకు చెప్తే మూతి ముడుచుకుంది, ఎందుకో మరి.

ఇరవై మూడుకు నీకోసం ముందు వరుసలో కుర్చీ పెట్టిస్తాను. కోపం పెట్టుకోకుండా వచ్చి కూర్చో. పెద్దవాడివి, చిన్నపిల్లల్లా అలిగితే ఎట్లా?

నీ తమ్ముడు,
కైలాసం

*

భైంసా,
11 మార్చి 2024

కైలాసం,

"నీ గిటారు కూడా మంచిదే" అంటవా? నువ్వు? నాకు? కుర్చీ పెట్టిస్తవా? ఎవని స్టేజీకి ఎవడు కుర్చీ పెట్టిస్తుండు? కరీంనగర్ టౌన్‌హాల్ల మనం వాయించిన నాడు జనం ఎవని కోసం వచ్చిండ్రో యాది జేసుకో. నేను వేళ్లు కదిలిస్తే ఈలలు. నువ్వు ఒకసారి జ్వరమచ్చి రాకపోతే జియావుల్లా కంజీరతోని నడిపిచ్చిండు, ఎవ్వలు గుర్తుపట్టలే.

చెడ్డ మాట రాస్తున్న, తెలుసు. నిద్ర వస్తలేదురా. కండ్లు మూస్తే నీ డమ్ డమ్మే. నువ్వు టమాటాల కాడ నిలబడి అవునన్నవని తల్చుకుంటె లేసి కూసుంటున్న.

ఇప్పుడు నేను చేసింది విను. నాలుగు దినాల కింద పొద్దున గిటారు తీసి, తీగలు బిగించి శ్రుతి జేసిన. గా రెండు నిమిషాలు మొత్తం మళ్ల వాయించిన, ఒక్క మెట్టు విడువలే. నలభై రెండేండ్లయినా వేళ్లు మర్చిపోలే. మీ వదిన ఫోన్ పట్టుకొని రికార్డు చేసింది. సగానికి వచ్చేసరికి ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కొంగు నోట్ల కుక్కుకున్నది. మీ వదిన ఇన్నేండ్లల్ల నా వాయింపుకు ఏడ్వలే. గంత మంచిగ వచ్చింది.

అది జమున ఫోన్‌కు పంపించినం. మూడు దినాల పొద్దయింది, జవాబు లేదు. నువ్వే ఆపిచ్చినవ్ కావచ్చు.

నా మాట ఇదే. గా ముక్క పాటల పెడితేనే ఇరవై మూడుకు వస్త. లేకుంటే రాను. పరీక్షలు కాంగనే జమున హాస్టల్‌కు మారాలె. నీ ఇంట్ల ఒక్క దినం ఉండద్దు. ఇగ నీకు నాకు ఏం లేదు.

రామచంద్రం

*

కరీంనగర్,
26 మార్చి 2024

అన్నకు,

జవాబు ఆలస్యమైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది కూర్చొని నెమ్మదిగా చదువు. పక్కన వదినను కూర్చోబెట్టుకో.

నువ్వు పంపిన రికార్డు జమున విన్న రోజు నేను పక్క గదిలో పేపర్ చదువుతున్నాను. చెవులకు పెట్టుకున్నది తీసేసి మేడ మీదికి వెళ్లింది. వెనకాలే వెళ్లాను. "తాతకు ఏమైంది చిన్నతాతా?" అని అడిగింది. నేను కూడా విన్నాను. పై నాలుగు తీగలు బ్రహ్మాండంగా పలికాయి. కింది సన్నతీగలు రెండూ శ్రుతిలో లేవన్నా. కొంచెం కాదు, ఎక్కడికో పోయాయి. హైదరాబాద్‌లో వెంట్రుకవాసి తేడా వచ్చిందని ఐదుసార్లు రికార్డింగ్ ఆపించి, స్టూడియో వాళ్లచేత తిట్లు తిన్న మనిషివి నువ్వు. అట్లాంటి నువ్వు ఆ తీగలను అట్లా వాయించి పంపావంటే నీకు అవి వినబడలేదనే కదా అర్థం.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా తట్టాయి. నా గొంతు ఫోన్‌లో గొణిగినట్టు ఉండటం, కొత్త తీగలు వేసినా మూగగానే ఉండటం, కుక్కర్ విజిల్. ముప్పై ఒక్క ఏళ్లు జిన్నింగు మిషన్ల మధ్య నిలబడ్డావు. నీ చెవులు పూర్తిగా పోలేదు, లావు చప్పుళ్లు వింటున్నావు. సన్నని చప్పుళ్లు పోయాయి. వదినను అడిగితే ఏడ్చింది. ఆమెకు రెండేళ్లుగా తెలుసు. నీతో చెప్పే ధైర్యం లేక ఊరుకుంది.

అన్నా, ఆ పాటంతా నీ గిటారే. మొదటి నుంచి చివరిదాకా. జమున దాన్ని ముక్కలు చేసి, ఇంకా పై శ్రుతికి ఎత్తి, పిట్ట కూత అంత సన్నగా చేసి తిప్పి తిప్పి పెట్టింది. జియావుల్లా భాయ్ ఇంగ్లీషు రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలు నాలుగైదు మధ్యలో తగిలించింది, అంతే. ఖానాపూర్ ఆయన నిన్ను వెక్కిరించలేదు.

ఇక నా తప్పు రాస్తాను. నువ్వు వింటున్న ఆ డమ్ డమ్ నాది కాదు. మిషన్‌ది. మన పాటలోని నా దెబ్బ ఒక్కటి కూడా అందులో లేదు. జమున మొదటిరోజు నాతో అన్న మాట ఇది: "ఏమనుకోకు చిన్నతాతా, నీ డ్రమ్ములు ఒక్క తీరుగ నడుస్తలేవు, తీసేస్తున్న." అందుకే నాకు అన్నం సయించలేదు. నువ్వు కుళ్లుగా ఉందని రాస్తే, అది తెలిసే పొడుస్తున్నావనుకున్నాను.

నీకు నిజంగానే తెలియదని రెండో ఉత్తరంతో అర్థమైంది. వదిన ఫోన్ మంచిది కాదేమో, సరిగ్గా విని ఉండవు అనుకున్నాను. ఒక్క మాట రాస్తే అయిపోయేది. రాయలేదు. ఎందుకో చెప్పనా? మన బ్యాండ్ ఫోటో ఒకటుంది కదా, అందులో నువ్వు, జియావుల్లా భాయ్ నిండుగా ఉన్నారు. నాది మోచెయ్యి ఒక్కటే పడింది. పుట్టినప్పటి నుంచి నేను రామచంద్రం తమ్ముణ్ని. నువ్వు నన్ను చూసి కుళ్లుకోవడం ఇదే మొదలు. నాకు ఎంత బాగుండిందో చెప్పలేను. ఆ ఉత్తరం అంగీ జేబులో పెట్టుకొని తిరిగాను. కొంచెం రోజులు ఉండనీ అనుకున్నాను. టమాటాల దగ్గర అవునన్నది కూడా అబద్ధమే. బాలవ్వ మూతి ముడిచింది అందుకే.

ఇరవై మూడున నీ కుర్చీ ఖాళీగా ఉంది. పాట అయిపోయాక జమున మైకు తీసుకొని, "గిటారు మా తాత రామచంద్రం" అంది. హాలంతా లేచి నిలబడ్డది. నీకు ఇవ్వమని శాలువా నా భుజం మీద వేశారు. దాన్ని ఇంటికి తెచ్చేదాకా నాకు ఒళ్లంతా మంటే. దాస్తే ఏం లాభం, రాస్తున్నాను.

ఇక్కడ చెవుల డాక్టర్ ఉన్నాడు. మిషన్ పెడితే కొంత వినబడొచ్చంటున్నాడు, ఎంతని చెప్పలేనన్నాడు. వస్తావా? జమునను హాస్టల్‌కు పంపాలంటే పంపుతాను. నన్ను తిట్టాలంటే తిట్టు. నువ్వు రాయడం మాత్రం మానకు.

కైలాసం

*

భైంసా,
3 ఏప్రిల్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం చదివిననాడు గిటారు ముట్టలే. మీ వదినను పొయ్యి మీద కుక్కర్ పెట్టుమన్న. ముందట పీట వేసుకొని కూసున్న. ఆవిరి పైకి లేసుడు చూసిన, విజిల్ ఎగురుడు చూసిన. చప్పుడు రాలే. మీ వదిన తలకాయ వంచుకున్నది. రెండేండ్లు నాకు చెప్పకుంట ఎట్లున్నవే అంటె, "గిటారు వాయించెటప్పుడు నీ ముఖం చూసి చెప్పబుద్ధి కాలే" అన్నది. ఏమనాలె ఆమెను? కొమురెల్లి ఇంటికి పోయి చేతులు పట్టుకొని వచ్చిన. ఖానాపూర్ ఆయనకు కొత్త అంగీ పంపిన.

నువ్వు నెల దినాలు నన్ను ఆడిచ్చినవ్. అది తప్పే. నేను నీ మోచెయ్యి ఎన్నడు చూడలే. ఫోటో మా గోడకే ఉన్నది, రోజు చూస్త, నన్నే చూసుకున్న. కంజీర మాట రాయకుంటె బాగుండు.

అయితె అన్న కుళ్లు పోయిందనుకుంటున్నవా? పోలేరా, పెరిగింది. నిన్న మొన్నటి దాక నీ డ్రమ్ముల మీద ఉండె, అవి నీవే కావాయె. ఇప్పుడు నీ చెవుల మీదున్నది. నా గిటారు పెండ్లిల ముసలోళ్లు విన్నరు. ఖానాపూర్ ఆయన విన్నడు. నువ్వు విన్నవ్, విని శాలువా మోసినవ్. నేనొక్కన్నే వినలే. గింత కుళ్లు నాకు ఎవ్వని మీద ఎన్నడు పుట్టలే.

జమున నీ ఇంట్లనే ఉండని. డాక్టర్ కాడికి వస్త. మిషన్ పెట్టుకుంట. వినబడితె మంచిదే, లేకుంటె లేదు.

అంతకు ముందు, వచ్చే ఆదివారం పొద్దుగాల బస్సుకు నువ్వు రా. ఫోన్‌ల పాట పెట్టి నా పక్కన కూసో. నా చెయ్యి నీ ఒళ్లె పెడుత. నా గిటారు ఎక్కడ మొదలైతదో అక్కడ నా చెయ్యి మీద కొట్టు. ఏ మెట్టు ఎప్పుడొస్తదో అన్ని కొట్టు, ఒక్కటి విడువకు. మధ్యల ఆపి మంచిగున్నదన్నా అని ఓదార్చకు. పాట మొత్తం అయ్యేదాక కొట్టి, మళ్ల మొదటి నుంచి పెట్టు.

నీ అన్న,
రామచంద్రం